మంగళగిరి ఎండకు, కరకట్ట సవారీకి, కాస్త బండి పనికి: ఏ జాతి గుర్రం?

నిమ్మతోట_మంగళగిరి

నమస్కారమండి. మంగళగిరి దగ్గర నిమ్మతోట ఉంది. ఒకే ఒక్క గుర్రం కొనాలని చూస్తున్నాం, రెండోదాన్ని సాకే వీలు లేదు. దానితో పని మూడు రకాలు. పొద్దున్నే కరకట్ట మీద నా సవారీ (నా బరువు 82 కిలోలు). సెలవుల్లో పదకొండేళ్ళ మా అమ్మాయి నేర్చుకోవడం. కోత రోజుల్లో కాయల బస్తాలు తోటలోంచి రోడ్డు దాకా చిన్న రెండు చక్రాల బండిలో లాగడం.

ఇప్పటికి నాలుగు బేరాలు వచ్చాయి. హైదరాబాద్‌లో పందేలు మానేసిన ఆరేళ్ళ థరోబ్రెడ్ గెల్డింగ్ (బీజాలు తీయించిన మగగుర్రం), ఎత్తు 16 హ్యాండ్లు, ధర అన్నిటికంటే తక్కువ. మూడేళ్ళ మార్వాడీ మగగుర్రం, 15.1. సుడులన్నీ శుభంగా ఉన్నాయని దీనికి ధర బాగా పెంచి చెబుతున్నారు. పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన తెల్ల నుక్రా ఆడగుర్రం. ఎనిమిదేళ్ళ కాఠియావాడీ ఆడగుర్రం, 14.3, సవారీకి అలవాటైంది, బండి ఎప్పుడూ కట్టలేదట.

మేతకు వరిగడ్డి, సూపర్ నేపియర్ గడ్డి మా దగ్గరే ఉన్నాయి. తవుడు కూడా దొరుకుతుంది. మన ఎండకు, నల్లరేగడికి ఏది నిలబడుతుంది?

రికాబు

జాతి పేరు పక్కన పెట్టి ముందు టేపు తీయండి. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, కాబట్టి 14.3 అంటే 14 హ్యాండ్ల 3 అంగుళాలు, దాదాపు 150 సెంటీమీటర్లు. ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు, మోసేది ఎత్తు కాదు, ఒళ్ళు. ముంగాళ్ళ వెనక, మూపు మీదుగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 168, పొడవు 150 ఉన్న 14.3 కాఠియావాడీ బరువు దాదాపు 356 కిలోలు.

సవారీ మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవడం మంచి కొలమానం. నాలుగో వంతుకు వెళ్తే పని తర్వాత కండరాలు పట్టేయడం, గుండె వేగం త్వరగా దిగకపోవడం కనిపిస్తాయి. మీ 82, జీను ఓ 7, మొత్తం 89. ఆ 356 కిలోల గుర్రానికి అది సరిగ్గా నాలుగో వంతు. అమ్మాయికి ఆ గుర్రం హాయిగా సరిపోతుంది. మీకు మాత్రం నడక, మధ్యలో కాసేపు ట్రాట్ (కుదుపుతో సాగే వేగమైన నడక), అది కూడా చల్లటి పూట అరగంట. గంటసేపు క్యాంటర్ (తేలికపాటి దౌడు) చేస్తానంటే వద్దు.

ఇక జాతుల సంగతి. కాఠియావాడీది సౌరాష్ట్ర, మార్వాడీది జోధ్‌పూర్ వైపు. రెండూ ఎండలో పుట్టినవే, చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగిలేలా ఉంటాయి. కాఠియావాడీ కాస్త పొట్టి, నుదురు వెడల్పు, వీపు పొట్టి. చాలావాటికి లేత గోధుమ రంగు ఒంటి మీద వెన్ను పొడవునా నల్ల గీత ఉంటుంది. నల్ల కాఠియావాడీ అని ఎవరైనా చూపిస్తే అనుమానించండి, ఆ జాతిలో నలుపు లేదు. మార్వాడీ పొడుగు, మెడ నిక్కి ఉంటుంది, ఛాతీ కొంచెం ఇరుకు. రెండిటిలోనూ కొన్నిటికి రేవాల్ అనే సహజమైన నడక ఉంటుంది. ట్రాట్‌లాగా ఎగరేయకుండా ఒక్కో కాలు విడివిడిగా పడుతుంది, నడుం నొప్పి ఉన్నవాళ్ళకు వరం. అయితే నేర్చుకునే పిల్లలకు దాని మీద ట్రాట్ తాళం పట్టుబడదు. కాబట్టి బేరానికి వెళ్ళినప్పుడు ట్రాట్ కూడా చేయించి చూడండి.

మూడేళ్ళ మగగుర్రాన్ని మాత్రం మర్చిపోండి. ఎముక పూర్తిగా గట్టిపడే వయసు కాదు, వెన్ను ఎదుగుదల ఐదు దాటాకే ముగుస్తుంది. పైగా కోయని మగగుర్రం. పక్క ఊళ్ళో ఆడగుర్రం ఎదకొస్తే వాసన పట్టుకుంటుంది, పదకొండేళ్ళ పిల్ల చేతిలో పగ్గాలు ఆగవు. సుడులు చూసి వేలకు వేలు పెంచుతారు, డెక్క ఎత్తి అడుగు భాగం చూసేవాడు ఒక్కడూ ఉండడు.

మీ నాలుగిట్లో నా ఓటు కాఠియావాడీకి. తొందర లేకపోతే, 6 నుంచి 10 ఏళ్ళ మార్వాడీ గెల్డింగ్ గానీ ఆడది గానీ వెతకండి. ఛాతీ చుట్టుకొలత 178, పొడవు 155 ఉంటే 413 కిలోలు వస్తుంది. తేలిక జీనుతో మీరు దాని మీద ఐదో వంతుకు కాస్త పైన ఉంటారు, అది పరవాలేదు.

కంచె_దాటు

రికాబు గారు థరోబ్రెడ్‌ని అసలు పట్టించుకోలేదు. బరువు లెక్కే ప్రమాణమైతే 16 హ్యాండ్ల థరోబ్రెడ్ 470, 500 కిలోలు ఉంటుంది, 82 కిలోల మనిషిని సులువుగా మోస్తుంది. గెల్డింగ్, ఆరేళ్ళు. సవారీ ఒక్కటే పని అయితే ఇదే కొనమనేవాణ్ణి. ధర తక్కువ ఎందుకంటే పందెం మానేసిన గుర్రానికి క్లబ్బులో ఒక్కో రోజు మేత, శాల ఖర్చు దండగ. లోపం ఉండి తీరాలని లేదు. ఉండే అవకాశమూ ఎక్కువే, అందుకే వరసగా ఇవి చూడండి.

ముంగాళ్ళ మోకాలి కింద, వెనక వైపు నరంలా బిగువుగా ఉండేది టెండన్. కాలు ఎత్తి పట్టుకుని వేళ్ళతో పై నుంచి కిందికి నొక్కుతూ రండి. విల్లులా ఉబ్బినా, వేడిగా తగిలినా, రెండు కాళ్ళకు తేడా ఉన్నా అది పాత గాయం. నయమైనా ఆ కాలు నల్లరేగడి బురదలో మళ్ళీ తెగడానికి సిద్ధంగా ఉంటుంది. తర్వాత గట్టి నేల మీద చిన్న గుండ్రంలో రెండు వైపులా ట్రాట్ చేయించండి. కుంటు తిన్నగా నడిచినప్పుడు దాగుతుంది, గుండ్రంలో బయటపడుతుంది. అప్పుడు తల చూడండి. కుంటే ముంగాలు నేల తాకినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు పడ్డప్పుడు కిందికి వంగుతుంది.

డెక్క గోడ పల్చగా ఉండటం ఈ జాతికి పెద్ద తలనొప్పి. మన వైపు వానాకాలంలో డెక్క నాని మెత్తబడి, మేకు రంధ్రాల దగ్గర పెచ్చులూడి లాడం జారిపోతుంది. రేగడి మట్టి లాడాన్ని పీకేస్తుంది కూడా. లాడాలు కొట్టే మనిషి 5, 6 వారాలకోసారి వచ్చే ఏర్పాటు లేకపోతే థరోబ్రెడ్ జోలికి వెళ్ళకండి. మార్వాడీ, కాఠియావాడీ డెక్కలు గట్టివి. మట్టి మీదే తిరిగేట్టయితే లాడాలు లేకుండా 6 వారాలకోసారి చెక్కిస్తే చాలు. రోజూ తారురోడ్డు ఎక్కితే వాటికీ లాడాలు తప్పవు.

ఇంకొకటి, పందెం గుర్రానికి పగ్గాలు బిగిస్తే ఆగమని అర్థం కాదు. పగ్గాల మీద ఆనుకుని ఇంకా వేగం పెంచడానికే దాన్ని తయారు చేస్తారు. దాన్ని మరిపించి నోటికి మెత్తన నేర్పడానికి, అనుభవం ఉన్న శిక్షకుడి చేతిలో నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ లోపు పాపను ఎక్కించకూడదు. ఆ తర్వాతైనా మొదట్లో నడిపించే తాడు మీదే.

బండికి మాత్రం అది పనికిరాదు, అక్కడ నేనూ ఒప్పుకుంటాను.

జట్కా_సెంటర్

బండి సంగతి నేను చెబుతాను. సవారీ గుర్రం వేరు, బండి గుర్రం వేరు అని బెజవాడలో జట్కాలు తిరిగిన కాలం నుంచీ అందరూ అనేదే. అందులో సగమే నిజం. మీ పని చిన్నది. 14.3 కాఠియావాడీ రెండు పనులూ చేస్తుంది, నేర్పితే.

రోజంతా లాగే గుర్రం తన బరువులో పదో వంతు బలంతో లాగగలదని లెక్క వేసుకోండి. 356 కిలోల దానికి 35 కిలోల లాగుడు. గాలి టైర్లు, మంచి బేరింగులు ఉన్న బండి బరువుతో కలిపి 600 కిలోలు ఉంటే, సమతలంగా ఉన్న తారురోడ్డు మీద దానికి 12 నుంచి 15 కిలోల లాగుడు చాలు. అదే 30 అడుగులకు ఒక అడుగు ఎత్తెక్కే చోట ఇంకో 20 కిలోలు కలుస్తుంది. అక్కడికే గుర్రం హద్దుకు వచ్చేసింది. తోటలో దున్నిన మెత్తని మట్టిలో సమతలం మీద కూడా లాగుడు నాలుగైదు రెట్లు పెరుగుతుంది. అంటే బరువు రోడ్డు చూసి కాదు, తోట దారిలో అన్నిటికంటే అధ్వాన్నమైన పది గజాలు చూసి వేయాలి. బండి బరువు 150 అనుకుంటే మీ మట్టి దారిలో 4 బస్తాలు, మహా అయితే 5, బస్తా 40 కిలోల చొప్పున. వాన పడ్డ మర్నాడు అసలు కట్టొద్దు.

1965 నాటి కేంద్ర నిబంధనల్లో గాలి టైర్ల రెండు చక్రాల బండికి గుర్రమైతే 750 కిలోలు, పోనీ అయితే 600 కిలోలు అని గరిష్ఠ హద్దు ఉంది. అది చట్టం పెట్టిన పైకప్పు, అంత వేయమని కాదు. అదే నిబంధనల్లో రోజుకు మొత్తం 9 గంటలు, విరామం లేకుండా 5 గంటలు దాటి పని చేయించరాదని ఉంది. 37 డిగ్రీలు దాటిన రోజుల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదని కూడా ఉంది. మార్చి చివరి నుంచి జూన్ దాకా మనకు ఆ మూడు గంటలు సెలవే.

రెండు చక్రాల బండిలో అసలు గొడవ బరువు కాదు, తూకం. బస్తాలు ముందుకు జరిగితే నొగలు దిగి వీపు మీద పడతాయి, వెనక్కి జరిగితే నొగలు లేచి పొట్ట కింది తంగు బిగుస్తుంది. గుర్రం విప్పేసి నొగలు చేత్తో ఎత్తి చూడండి. పది, పదిహేను కిలోల బరువు తగలాలి, అంతే. ఇరుసు మీద సరిగ్గా రెండు వైపులా పంచి బస్తాలను తాడుతో కట్టండి, లేకపోతే మొదటి గుంతలోనే అన్నీ జరుగుతాయి.

ఎద్దుకు కాడి మూపు మీద కుదురుతుంది. గుర్రం ఛాతీతో లాగుతుంది కనుక ఛాతీ పట్టీ వెడల్పు 3 అంగుళాలకు తగ్గకూడదు. అది భుజం కీలుకు పైన, గొంతు గొట్టానికి కింద ఉండాలి. ఒక అంగుళం పైకి వెళ్తే ఊపిరి ఆడదు, కిందికి జారితే భుజం కదలదు. పిరుదుల చుట్టూ వెనక పట్టీ తప్పనిసరి. పల్లంలో బండిని ఆపేది అదే. అది లేని బండి కాళ్ళకు కొట్టుకుంటుంది, ఒకసారి కొట్టుకున్న గుర్రం మళ్ళీ నొగల మధ్యకు రావడానికి మొరాయిస్తుంది.

నేర్పే వరస ఇదీ. రెండు వారాలు పొడుగు పగ్గాలతో వెనక నడుస్తూ తిప్పాలి. తర్వాత పట్టీలు వేసి, ఇద్దరు మనుషులు వెనక తాళ్ళు పట్టుకుని మెల్లగా బరువు తగిలించాలి. అది సాఫీగా అయ్యాక పాత స్కూటర్ టైరు ఈడ్పించాలి, ఆ చప్పుడుకు అలవాటు పడనివ్వాలి. ఖాళీ బండి ఆఖరుకే. పక్కకు చూడకుండా కళ్ళ పక్క పట్టీలు మొదటి నుంచే వేయండి. ఏ మెట్టులో బెదిరినా ఒక మెట్టు వెనక్కి. మొత్తం ఆరు నుంచి ఎనిమిది వారాలు.

నిమ్మతోట_మంగళగిరి

చాలా థాంక్సండి. థరోబ్రెడ్, మూడేళ్ళ మగగుర్రం రెండూ కొట్టేశాను. నుక్రా గురించి ఎవరూ చెప్పలేదు, మా ఇంట్లో అందరికీ అదే నచ్చింది. భీమ్‌థడీ అని ఇంకో పేరు కూడా విన్నాను. మేత సంగతి కూడా చెప్పండి, వరిగడ్డి, నేపియర్, తవుడు సరిపోవా?

గన్నవరం_వైపు

సరిపోవు. ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మీరు చివర్లో అడిగారు. మన జిల్లాల్లో గుర్రాలను పాడుచేసేది ఎండ కంటే ఈ మూడు కలిపిన మేత.

గుర్రానికి గేదెలాగా నాలుగు గదుల పొట్ట లేదు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, పోషణ తక్కువ, అరక్క పేగులో ఉండకట్టి శూల వస్తుంది. వరిగడ్డిలోనూ నేపియర్‌లోనూ ఉండే ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. తవుడులో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. మూడూ కలిస్తే రక్తంలో తగ్గిన కాల్షియాన్ని ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది. కొన్ని నెలల్లో కాళ్ళు మార్చి మార్చి కుంటుతుంది, నమలడానికి ఇబ్బంది పడుతుంది, ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి. ముఖం ఉబ్బు కనిపించేసరికి చాలా దూరం వచ్చేసినట్టే. ఏ జాతికైనా ఇదే గతి.

356 కిలోల గుర్రానికి రోజుకు పొడి లెక్కన 7 కిలోల గడ్డి ఉండాలి. గరిక అన్నిటికంటే మంచిది. పచ్చి గడ్డిలో ముప్పావు వంతుకు పైగా నీళ్ళే కనుక ఒక్క పచ్చిదే వేస్తే 30 కిలోలు దాటుతుంది. సగం ఎండు గరిక, మిగతాది పచ్చి గరిక, దాంతో 3 కిలోల పచ్చి లూసర్న్ (అల్ఫాల్ఫా మేత) పెడితే కాల్షియం లెక్క సరిపోతుంది. లూసర్న్ మీ తోటలో అక్టోబరు, నవంబరుల్లో వేసుకోవచ్చు, నీళ్ళు నిలవని చోట. వేరుశనగ కట్టె బాగుంటుంది కానీ మట్టి దులపాలి, బూజు వాసన ఉంటే పారేయాలి. పచ్చి జొన్న మాత్రం గుర్రానికి వద్దు. గేదెల విషయంలో ఉండే భయం వేరు, ఇక్కడ మూత్రాశయం, వెనక కాళ్ళ నరాలు దెబ్బతింటాయి.

పని ఉన్న రోజుల్లో దాణా కిలోన్నర, రెండు పూటలుగా: నానబెట్టి ఉడికించిన ఉలవలు, పగలగొట్టిన ఓట్స్ గానీ బార్లీ గానీ. తవుడు పావు కిలో మించొద్దు. ఉప్పు 30 గ్రాములు, ఎండాకాలం చెమట పట్టే పని ఉంటే 50. నీళ్ళు మామూలుగా 25, 30 లీటర్లు, మేలో పని చేస్తే 50 కూడా తాగుతుంది. ఎక్కడి నుంచి తెచ్చినా పాత మేత ఒక వారం పది రోజులు కలుపుతూ మార్చాలి. కొన్న మర్నాడే మేత మార్చడం వల్లే కొత్త గుర్రాలకు శూల ఎక్కువగా వస్తుంది.

ఎండ గురించి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు, కానీ మన దగ్గర ఎండకు తోడు ఉక్క ఉంది. రాజస్థాన్ పొడి ఎండలో పుట్టిన గుర్రానికి కూడా అది కొత్తే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఫారన్‌హీట్ ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం కలపండి. 130 లోపు నిశ్చింత, 150 దాటితే పని తగ్గించాలి, 180 వస్తే జీను అసలు వేయొద్దు. మేలో తెల్లవారుజామున 82 డిగ్రీలు, తేమ 75 ఉంటే అప్పుడే 157. పని ఆపిన పదిహేను నిమిషాలకు గుండె నిమిషానికి 60 లోపుకు రావాలి. రాకపోతే నీడలో నిలబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోస్తూనే ఉండండి. వేడి ఒంటి మీద నీళ్ళు పోస్తే కాళ్ళు పట్టేస్తాయన్నది అపోహ. తాగడానికి కూడా ఇవ్వండి.

థరోబ్రెడ్ విషయంలో ఒకటి కలుపుతాను. ఉక్క ప్రాంతాల్లో కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. పని తర్వాత ఒళ్ళు పొడిగా ఉండి ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే అదే. ఏ జాతికైనా రావచ్చు, థరోబ్రెడ్లలో తరచు కనిపిస్తుంది.

నుక్రా అనేది జాతి కంటే రంగు అనుకోవడం మేలు. పుట్టుకతో తెలుపు, చర్మం గులాబీ. ముక్కు, కళ్ళ చుట్టూ ఎండకు కాలి పెచ్చులు కడుతుంది. పొద్దున్న ఎనిమిది తర్వాత ఎండలో నిలబెట్టలేరు. ఊరేగింపులో బ్యాండు చప్పుడుకు బెదరని గుర్రం కావడం మంచి గుణమే కానీ అక్కడ అది నడిచేది మనిషి పట్టుకున్న తాడు వెంట, పగ్గాల మాట వినడం వేరు. భీమ్‌థడీ దక్కన్ పొట్టి గుర్రం, పుణె, అహిల్యానగర్ (పాత అహ్మద్‌నగర్) వైపు ధంగర్ పశులకాపరులు సామాను మోయించేది. మొండి ఆరోగ్యం, పిల్లలకు చాలా బాగుంటుంది, మీ బరువుకు చాలదు.

కొనే ముందు గ్లాండర్స్ అనే అంటువ్యాధికి రక్తపరీక్ష ఫలితం కాగితం మీద చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. అది మనుషులకూ అంటుతుంది, వైద్యం చేయనివ్వరు, తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్ష చేస్తుంది, పశువైద్యుడి ద్వారా నమూనా పంపాలి. వచ్చాక ధనుర్వాతం టీకా, 4 నుంచి 6 వారాలకు రెండోది, ఆపై ఏటా. రేబిస్ కూడా. వానలు మొదలయ్యాక జోరీగల వల్ల సర్రా అనే జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉండటం, తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కింద, కాళ్ళలో నీరు. క్వినాపైరమిన్ సూది ఉంది, మోతాదు గుర్రం బరువును బట్టి, కాబట్టి రికాబు గారి టేపు లెక్క అక్కడా అవసరమే. అనుమానం వస్తే గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు రక్తం చూపించండి, ఆలస్యం చేయొద్దు.

రికాబు

ఒక్క మాట, వయసు. ఎనిమిదేళ్ళంటున్నారు కదా, పెదవి ఎత్తి చూడండి. పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు మధ్యవి రెండున్నర ఏళ్ళకు, పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు వస్తాయి. ఐదుకు నోరు నిండుతుంది. పై దవడ చివరి ముందుపన్ను మీద నిలువు గాడి పదేళ్ళ ప్రాంతంలో చిగురు దగ్గర మొదలై, పదిహేనుకు సగం దాకా దిగుతుంది. మీరు చూసే గుర్రానికి ఆ గాడి సగం దాకా ఉంటే అది ఎనిమిది కాదు. పదిహేనేళ్ళది అమ్మాయికి ఇంకా మంచిదే, కానీ బండి నేర్పించడం మానుకుని ధర సగానికి అడగండి.

చూడటానికి రెండుసార్లు వెళ్ళండి, రెండోసారి చెప్పకుండా. శాలలోంచి తీసి, జీను వేసి, కళ్ళెం పెట్టడం మీ ఎదుటే చేయమనండి. ముందే ఎక్కి తిప్పి, చెమట తుడిచి సిద్ధంగా నిలబెట్టిన గుర్రం అలసిపోయి బుద్ధిగా ఉంటుంది. తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెట్టి కరవబోతే జీను నొప్పి గానీ పొట్టలో పుండు గానీ ఉండొచ్చు. జీను కూడా మీరే కొంటారు కాబట్టి దాన్ని ఈ గుర్రం మీదే పెట్టి చూడండి. మీరు ఎక్కాక కూడా జీను ముందు కమ్మీకి, గుర్రం మూపుకు మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి.